మార్చిలో చూసిన క్లాసు, ఆగస్టులో దొరికిన క్లాసు: టెక్సస్ ఆల్టర్నేటివ్ సర్టిఫికేషన్‌పై ఒక కేస్ స్టడీ

2022 సెప్టెంబర్ మొదటి వారం. డాలస్‌కు ఉత్తరాన ఒక మిడిల్ స్కూల్. ఏడో తరగతి లెక్కల క్లాసులో వెనక వరసలో కూర్చుని నోట్స్ రాసుకుంటున్నాను. టీచరు మన తెలుగావిడే. ఆల్టర్నేటివ్ సర్టిఫికేషన్ దారిలో, అంటే వేరే డిగ్రీ ఉన్నవాళ్లు ఉద్యోగం చేస్తూనే టీచరు సర్టిఫికెట్ తెచ్చుకునే దారిలో వచ్చి, అప్పటికి మూడు వారాలుగా పాఠం చెబుతోంది. ఆమెకు శిక్షణ ఇచ్చే ప్రోగ్రాం తరఫున నేను ఫీల్డ్ సూపర్‌వైజర్‌ని, క్లాసులో కూర్చుని పాఠం చూసి సలహా ఇచ్చేదాన్ని. ఆ రోజు మొదటి అబ్జర్వేషన్.

పాఠం మొదలుపెట్టే ముందు ఐదు నిమిషాలు నోటి లెక్కలు పెట్టింది. "మైనస్ టూ ఇంటూ ఎయిట్?" అని అడిగింది. ముందు వరసలో ఒక అమ్మాయి చెయ్యెత్తి, "నెగటివ్ ఫోర్, మిస్" అంది. కాదని ఇంకో అబ్బాయిని అడిగింది. వాడూ నెగటివ్ ఫోరే అన్నాడు. మూడో పిల్లా అదే చెప్పింది. ఆమె బోర్డు వైపు తిరిగి మైనస్ పదహారు అని రాసింది. క్లాసులో గుసగుసలు మొదలయ్యాయి. ఒకడు పక్కవాడితో "ఈ మిస్‌కి లెక్కలు రావు" అన్నాడు. నాకు వినపడిందంటే ఆమెకూ వినపడే ఉంటుంది.

పిల్లలు చెప్పింది తప్పు కాదు. ఆమె రాసిందీ తప్పు కాదు. ఎక్కాలు నేర్చుకున్న రోజు నుంచి మనకు "ఇంటూ" అంటే గుణకారం. అమెరికా పిల్లల చెవికి "టూ ఇంటూ ఎయిట్" అంటే ఎనిమిదిలో రెండు ఎన్నిసార్లు పోతుందని, అంటే భాగహారం. గుణించడానికి వాళ్లు "టైమ్స్" అంటారు. ఆమె రాష్ట్రం పెట్టిన లెక్కల పరీక్ష పాసైంది, క్లాసులోకి వెళ్లే ముందు పూర్తి చేయాల్సిన 150 గంటల శిక్షణా పూర్తి చేసింది. ఈ ఒక్క మాట మాత్రం ఆమెకు ఎవరూ చెప్పలేదు. నేనూ చెప్పలేదు. టెక్సస్‌లో ఏళ్ల తరబడి లెక్కలు చెప్పాను కాబట్టి, చెప్పాల్సింది ముందు నేనే.

ఆమె అనుమతితో ఈ కేసు రాస్తున్నాను. ఆమె పేరు, స్కూలు పేరు, ప్రోగ్రాం పేరు రాయను.

ఆమె వచ్చిన దారి

ఆమె సొంతూరు గుంటూరు వైపు. తల్లి ఎలిమెంటరీ స్కూలు టీచరు. బడిలో అమ్మ కుర్చీ పక్కన కూర్చుని పెరిగిన పిల్ల. ఎలక్ట్రానిక్స్‌లో బీటెక్ చేసి, హైదరాబాద్‌లో నాలుగేళ్లు సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేసి, పెళ్లయ్యాక 2011లో హెచ్4 వీసా (హెచ్1 ఉద్యోగ వీసా ఉన్నవాళ్ల భార్యకో భర్తకో ఇచ్చేది) మీద ఇక్కడికి వచ్చింది. హెచ్4 వాళ్లకు పనిచేసే అనుమతి 2015 మే 26 నుంచి వచ్చింది. అదీ అందరికీ కాదు, భర్తకో భార్యకో గ్రీన్‌కార్డు దారిలో ఐ-140 (కంపెనీ పెట్టే దరఖాస్తు) ఆమోదం వచ్చాక ఎక్కువమందికి. ఆ పని అనుమతి కార్డు చేతికొచ్చేనాటికి ఆమెకు ఇద్దరు పిల్లలు. మళ్లీ సాఫ్ట్‌వేర్‌కు వెళ్లాలనిపించలేదు. అపార్ట్‌మెంట్ పిల్లలకు ఆదివారాలు లెక్కలు చెప్పేది, పిల్లల స్కూలు లైబ్రరీలో వాలంటీర్‌గా పుస్తకాలు సర్దేది. 2021లో మా ప్రోగ్రాం సమావేశానికి వచ్చినప్పుడు ఒక్కటే అడిగింది: "మేడమ్, నేను మళ్లీ నాలుగేళ్లు చదవాలా?"

చదవక్కర్లేదు. మన దగ్గర 2015 నుంచి బీఎడ్ రెండేళ్ల కోర్సయింది. టెక్సస్‌లో అయితే, ఏదైనా డిగ్రీ ఉన్నవాళ్లు ముందు పరీక్ష, కొంత శిక్షణ పూర్తి చేసి, ఉద్యోగంలో చేరి, జీతం తీసుకుంటూ మిగతా శిక్షణ పూర్తి చేయొచ్చు. టీచర్ల కొరత తట్టుకోలేక అమెరికాలో న్యూజెర్సీ, టెక్సస్ లాంటి రాష్ట్రాలు 1980ల మధ్యలో ఈ దారి తెరిచాయి. టెక్సస్‌లో దీన్ని ముందు మొదలుపెట్టింది 1985లో హ్యూస్టన్ స్కూల్ డిస్ట్రిక్ట్. ఇప్పుడు యూనివర్సిటీలే కాదు, ప్రైవేటు సంస్థలు, బడులకు సాయం చేసే రీజనల్ సర్వీస్ సెంటర్లు కూడా నడుపుతున్నాయి. డాలస్, ఫ్రిస్కో, అర్వింగ్ వైపు ఈ దారి తొక్కే తెలుగు ఆడవాళ్లు ఏటా నాకు కనిపిస్తూనే ఉన్నారు. అందుకే ఈ కేసును తెలుగులోనే రాయాలనిపించింది.

కాగితాల సంగతి క్లుప్తంగా చెబుతాను. ముందు మన డిగ్రీని ఇక్కడి గుర్తింపు ఉన్న సంస్థతో ఇవాల్యుయేషన్ చేయించాలి. బీటెక్ నాలుగేళ్లది కాబట్టి ఆమెకు ఇబ్బంది రాలేదు. మూడేళ్ల బీఎస్సీ మాత్రమే ఉన్నవాళ్లు ముందే కనుక్కోవాలి, దాన్ని ఇక్కడి డిగ్రీతో సమానమని కొన్ని సంస్థలు ఒప్పుకోవు. జీపీఏ (డిగ్రీ మార్కుల సగటు) 4కి కనీసం 2.5 ఉండాలి. ఏడో తరగతి, ఆపైన లెక్కలు చెప్పాలంటే ఆ సబ్జెక్టులో 15 క్రెడిట్లు (కాలేజీ కోర్సులకు లెక్కగట్టే పాయింట్లు) కావాలి, లేదంటే ప్రవేశానికి ముందే సబ్జెక్టు పరీక్ష రాయాలి. ఆమె ఇంజినీరింగ్ మ్యాథ్స్ పేపర్లు ఇక్కడ అక్కరకొచ్చాయి. ఇంగ్లీషు పరీక్ష టోఫెల్ స్పీకింగ్‌లో అప్పట్లో 24 రావాల్సి ఉండేది, ఆమెకు 26 వచ్చాయి.

పరీక్ష

నాలుగు నుంచి ఎనిమిదో తరగతి దాకా లెక్కలు చెప్పడానికి టెక్సెస్ అనే రాష్ట్ర పరీక్ష రాయాలి. వంద ప్రశ్నలు, ఐదు గంటలు. 300కి 240 వస్తే పాస్. ఆమె మొదటిసారి 232 దగ్గర ఆగింది. ఆ రాత్రి ఫోన్ చేసి ఏడ్చింది. "ఇంటర్‌లో లెక్కల్లో 150కి 148 వచ్చాయి నాకు. ఏడో క్లాసు లెక్కల్లో ఫెయిలయ్యానా?" అంది.

మనవాళ్లలో చాలామంది తగిలే రాయి ఇదే, అందుకే ఇక్కడ కాసేపు ఆగుతాను. ఈ పరీక్షలో లెక్క చేయడం ఒక్కటే చాలదు. పిల్లాడు చేసిన తప్పు చూసి, వాడి బుర్రలో ఏ పొరపాటు ఉందో కూడా కనిపెట్టాలి. 1/2కు 1/3 కలిపి 2/5 రాసిన పిల్లాడికి తర్వాత ఏం అడగాలి? బొమ్మ గీయాలా, ముక్కలు చేతికివ్వాలా, సంఖ్యా రేఖ మీద చూపించాలా? ఆమె జవాబు ఎప్పుడూ ఒకటే: కసాగు కనుక్కోమని చెప్పాలి. అది సరైన పద్ధతే. ఆ పిల్లాడికి మాత్రం అప్పటికి అర్థమయ్యే పద్ధతి కాదు. ముప్పై రోజులు ఆగితే కానీ మళ్లీ రాయడానికి లేదు. ఆ ముప్పై రోజులూ నేను లెక్కలు ఇవ్వలేదు. పిల్లల తప్పు జవాబులున్న పాత వర్క్‌షీట్లు ఇచ్చాను. ఒక్కో తప్పు పక్కన "వీడు ఏమనుకుని ఇలా చేశాడు" అని తెలుగులోనే రాయమన్నాను. రెండోసారి పాసైంది. మొత్తం ఐదుసార్లే రాయనిస్తారు కాబట్టి, తొందరపడి తేదీ బుక్ చేయొద్దని అందరికీ చెబుతుంటాను.

ముప్పై గంటలు

మేం చేసిన అసలు పొరపాటు ఇక్కడుంది.

ఉద్యోగంలో చేరేముందు అభ్యర్థి నిజమైన తరగతి గదుల్లో 30 గంటలు గడపాలని అప్పటి నియమం. అందులో సగం దాకా వీడియోలు చూసి పూర్తి చేయొచ్చు. ఆమె పదిహేను గంటలు వీడియోలు చూసింది. మిగతా పదిహేను 2022 మార్చి, ఏప్రిల్‌లలో ఒక మంచి టీచరు క్లాసులో కూర్చుంది. ఆ టీచరు చెయ్యి ఎత్తితే చాలు, పిల్లలు నిశ్శబ్దమయ్యేవాళ్లు. గంట కొట్టగానే ఎవరి లెక్క వాళ్లు మొదలుపెట్టేవాళ్లు. ఆమె తన రిపోర్టులో "పిల్లలు చాలా క్రమశిక్షణగా ఉన్నారు" అని రాసింది. నేను చదివి సంతకం పెట్టాను.

ఆ క్రమశిక్షణ మార్చిలో పుట్టింది కాదు. ఆగస్టులో, బడి తెరిచిన మొదటి పది రోజుల్లో ఆ టీచరు రోజూ గుమ్మం దగ్గర నిలబడి, పిల్లల్ని మళ్లీ వెనక్కి పంపి, మళ్లీ లోపలికి రమ్మని కట్టుకొచ్చింది. పూర్తయిన ఇల్లు చూపించి, పునాది ఎలా తీశారో చూపించకుండా మా అభ్యర్థి చేతికి ఖాళీ స్థలం ఇచ్చాం. యూనివర్సిటీలో చదివి వచ్చేవాళ్లలో కొంతమందైనా ఏదో ఒక ఆగస్టులో స్టూడెంట్ టీచరుగా అది చూస్తారు. మా దారిలో వచ్చేవాళ్లకు ఆ ఆగస్టు సొంత క్లాసులోనే వస్తుంది. పక్కన ఎవరూ ఉండరు.

పరీక్ష పాసై, 150 గంటలు పూర్తయ్యాక స్టేట్‌మెంట్ ఆఫ్ ఎలిజిబిలిటీ ఇచ్చాం. ఆ కాగితంతో ఉద్యోగాలకు అప్లై చేయొచ్చు. ముప్పైకి పైగా అప్లికేషన్లు పెడితే రెండు ఇంటర్వ్యూలు వచ్చాయి. రెండోదాంట్లో ప్రిన్సిపాల్ అడిగిన ప్రశ్న: "ఒక పిల్లాడు పని చేయనంటే ఏం చేస్తావు?" ఆమె తన తల్లి గురించి చెప్పిందట. బడికి రాని పిల్లాడి ఇంటికి అమ్మ సాయంత్రం నడిచి వెళ్లేదని, తిట్టకుండా "రేపు నీకోసం చూస్తా" అని మాత్రం చెప్పి వచ్చేదని. ఉద్యోగం వచ్చింది. ఏడాది కాలానికి ఇంటర్న్ సర్టిఫికెట్ (పనిచేస్తూ శిక్షణ పూర్తి చేసుకోవడానికి ఇచ్చేది) వచ్చింది.

మొదటి ఆరు వారాలు

అప్పటి నియమం ప్రకారం ఇంటర్న్‌ను ఏడాదిలో కనీసం ఐదుసార్లు, ఒక్కోసారి కనీసం 45 నిమిషాలు చూడాలి, మొదటిది ఆరు వారాల్లోపు అయిపోవాలి. మొదటిరోజు నా నోట్సులో ఉన్నవి ఇవి. గంట కొట్టాక మొదటి లెక్క మొదలవడానికి పదకొండు నిమిషాలు పట్టింది. క్లాసు యాభై నిమిషాలే. బోర్డు మీద రాస్తున్నంతసేపూ ఆమె వీపు పిల్లల వైపు ఉంది. 2/3ను "టూ బై త్రీ" అంది. పిల్లలకు అది పొడవు వెడల్పుల్లా వినిపించింది, వాళ్లకు తెలిసిన మాట "టూ థర్డ్స్". "బ్రాకెట్స్" అంటే ఒక పిల్ల అర్థంకానట్టు చూసింది, వాళ్లనేది "పేరెంథసీస్". నలుగురు లేచి పెన్సిళ్లు చెక్కుకోవడానికి వెళ్లారు, ఒకరి తర్వాత ఒకరు. ఆమె నలుగురికీ "ఓకే, గో" అంది.

ఇంకొకటి వీటన్నిటికంటే పెద్దది. ఆ క్లాసులో ఒకబ్బాయికి 504 ప్లాన్ ఉంది, అంటే వైకల్యమున్న పిల్లలకు బడి చేయాల్సిన ఏర్పాట్ల కాగితం. పరీక్షలో అదనపు సమయం, ముందు వరసలో సీటు చట్టప్రకారం ఇవ్వాల్సిందే. ఆ కాగితాలు ఆమె మెయిల్‌లో తెరవకుండా పడి ఉన్నాయి. నిర్లక్ష్యం కాదు, "504" అనే అంకె చూసి రూమ్ నంబరు అనుకుంది. శిక్షణలో ఆ చట్టం గురించి ఒక మాడ్యూల్ ఉంది, ఆమె క్విజ్ పాసైంది కూడా. క్విజ్‌లో చదివిన చట్టం, మెయిల్‌లో వచ్చిన కాగితం ఒకటేనని తెలియాలంటే ఎవరైనా పక్కన కూర్చుని ఒక్కసారి ఆ కాగితం విప్పి చూపించాలి.

క్లాసయ్యాక ఖాళీ గదిలో కూర్చున్నాం. ఆమె మొదటిసారి "మేడమ్" మానేసి పిలిచింది. "అక్కా, నేను మానేస్తాను. రోజూ ఇంటికెళ్లి కారులోనే అరగంట కూర్చుంటున్నా. పిల్లలకి మొహం చూపించలేకపోతున్నా."

"మానేయాలనుకుంటే డిసెంబర్‌లో మాట్లాడుకుందాం. ఈ శనివారం మీ ఇంటికి వస్తున్నా" అన్నాను.

శనివారం, డైనింగ్ టేబుల్

ప్రోగ్రాం నన్ను అడిగేది అబ్జర్వేషన్ రిపోర్టు. టెక్సస్ టీచర్లను కొలిచే టీ-టెస్ పద్ధతిలో నాలుగు భాగాలు, పదహారు అంశాలు ఉంటాయి. ఒక్కో అంశానికీ "డెవలపింగ్" అని టిక్కు పెట్టి పంపితే నా పని అయిపోతుంది. పదహారు విషయాల్లో వెనకబడ్డావని వినే మనిషి ఒక్కదాన్నైనా సరిదిద్దుకోగలదా? నేను ఒకటే ఎంచుకున్నాను: గుమ్మం నుంచి మొదటి లెక్క దాకా.

శనివారం వాళ్ల డైనింగ్ హాలే క్లాసు. వాళ్ల పిల్లలిద్దరు, పక్కింటి పిల్లలిద్దరు, భర్త, నేను విద్యార్థులం. ఆమె వంటింటి గుమ్మం దగ్గర నిలబడింది. ఒక్కొక్కరినీ పేరు పెట్టి పలకరించి, చేతికి చిన్న చీటీ ఇచ్చి, "కూర్చో, ఒకటో లెక్క, మూడు నిమిషాలు" అని మాత్రమే చెప్పాలి. ఇంకో మాట వద్దు. మొదటిసారి ఆమె చీటీ ఇస్తూ లెక్క వివరించడం మొదలుపెట్టింది. ఆపాను. రెండోసారి కొడుకు కావాలనే పెన్సిల్ కింద పడేసి గోల చేశాడు. ఆమె అక్కడే నిలబడి వాడితో వాదించింది, ఈలోగా గుమ్మం ఖాళీ అయింది. ఆపాను. నాలుగోసారికి కొడుకు గోల చేస్తుంటే వాడి టేబుల్ మీద ఇంకో పెన్సిల్ పెట్టి, ఏమీ అనకుండా మళ్లీ గుమ్మం దగ్గరకు వచ్చేసింది. అది ఎవరూ చెప్పింది కాదు. తనకే తట్టింది. ఆ రోజు తొమ్మిదిసార్లు చేశాం. పులిహోర తిని బయల్దేరేటప్పటికి సాయంత్రమైంది.

సోమవారం పిల్లలకు నిజం చెప్పేయమన్నాను. "నేను లెక్కలు ఇండియాలో నేర్చుకున్నా. అక్కడ ఇంటూ అంటే టైమ్స్. మీరు చెప్పిన నెగటివ్ ఫోర్ మీ లెక్క ప్రకారం కరెక్టే" అని చెప్పింది. గోడ మీద ఒక చార్టు కట్టి, ఒకవైపు తన మాటలు, ఇంకోవైపు వాళ్ల మాటలు రాయించింది. కొత్త మాట దొరికినప్పుడల్లా పిల్లలే రాయాలి. మెక్సికో నుంచి వచ్చిన కుటుంబాల పిల్లలు ఇంట్లో వాళ్లమ్మ భాగహారం వేసే పద్ధతి కూడా తెచ్చి దాని మీద రాశారు. నేను ఊహించింది కాదు. తనకు రానిది ఒప్పుకుంటే పిల్లలు ఇంకా చులకన చేస్తారేమోనని నాకూ కొంచెం టెన్షన్‌గానే ఉండింది. కానీ ఆ వారం నుంచి ముందు వరస అమ్మాయి ఆమె మాట జారినప్పుడల్లా "టైమ్స్, మిస్" అని మెల్లగా అందించేది.

మూడో పని ప్రిన్సిపాల్‌తో మాట్లాడి చేశాను. ఆమెకు కేటాయించిన క్యాంపస్ మెంటర్, అంటే అదే బడిలో దారి చూపే అనుభవమున్న టీచరు, మంచావిడే, కానీ ఇద్దరికీ ఖాళీ పీరియడ్ ఒకేసారి ఉండేది కాదు. కాగితం మీద మెంటర్ ఉంది, కలవడానికి సమయం లేదు. ఎక్కువ బడుల్లో నేను చూసేది ఇదే. వారానికి ఒక పీరియడ్ ఆమె క్లాసుకు సబ్‌ను (టీచరు బదులు వచ్చే మనిషిని) పెట్టించి, ఆ సమయంలో ఆమె వెళ్లి మెంటర్ క్లాసులో కూర్చునే ఏర్పాటు చేయించాం. 504 కాగితాలు అన్నీ మెంటరే పక్కన కూర్చుని ఒక్కొక్కటీ విప్పి చదివించింది.

అక్టోబర్ చివర్లో వెళ్లి చూసేసరికి గంట కొట్టిన మూడు నిమిషాలకు పిల్లలు లెక్క మీద ఉన్నారు. మిగిలింది రోజుకు ఎనిమిది నిమిషాలు, వారానికి నలభై. దాదాపు ఒక పీరియడ్ మొత్తం తిరిగొచ్చినట్టే.

మిగతా ఏడాది

డిసెంబర్‌లో మానేసే మాట రాలేదు, నేనూ ఎత్తలేదు. ఆ నెలలోనే బోధనా పద్ధతుల మీద ఉండే పీపీఆర్ పరీక్ష మొదటిసారే పాసైంది.

జనవరిలో ఇంకో భయం. పని అనుమతి కార్డు మార్చి చివరికి అయిపోతుంది. గడువు తీరిన కార్డుకు అప్పట్లో ఆటోమేటిక్ పొడిగింపు ఉన్నా, హెచ్4 వాళ్లకు అది ఐ-94 (దేశంలో ఎప్పటిదాకా ఉండొచ్చో చెప్పే కాగితం) తేదీ దాకానే పనిచేసేది. ఆమె ఐ-94 కూడా అదే రోజు ముగుస్తోంది. కార్డు ఆలస్యమైతే ఏడాది మధ్యలో క్లాసు వదలాలి, ఇంటర్న్‌షిప్ ఆగిపోతుంది. అదృష్టం కొద్దీ 2023 జనవరి 25 నుంచి ఒక కోర్టు ఒప్పందం అమల్లోకి వచ్చి, భర్త హెచ్1 దరఖాస్తుతో కలిపి పెట్టిన హెచ్4, వర్క్ పర్మిట్ దరఖాస్తులను కూడా దానితోనే తేల్చడం మొదలైంది. ప్రీమియంలో (అదనపు ఫీజు కట్టి త్వరగా తేల్చుకునే పద్ధతిలో) పెట్టారు, కార్డు మార్చి మధ్యలో వచ్చింది. ఈ నియమాలు ఆ తర్వాత మళ్లీ మళ్లీ మారాయి. ఇప్పుడు ఈ దారిలో వచ్చే హెచ్4 వాళ్లకు నేను చెప్పేది, కాంట్రాక్టు మీద సంతకం పెట్టేముందు కార్డు తేదీ, ఐ-94 తేదీ రెండూ బడి క్యాలెండర్ పక్కన పెట్టుకుని చూసుకోమని.

అన్నీ కుదిరాయని చెప్పను. ఆరో పీరియడ్ ఏడాది పొడుగునా కష్టంగానే నడిచింది. అదే టీచరు, అదే పాఠం, భోజనం తర్వాత వచ్చే ముప్పైమంది. అక్కడ గుమ్మం పద్ధతి కొంతవరకే పనిచేసింది. తల్లిదండ్రులకు ఫోన్ చేయడానికి చివరిదాకా భయపడింది, ముందుగా రాసుకున్న నాలుగు వాక్యాలు చదివేది. నేను ఐదుసార్లు వెళ్లాల్సినచోట తొమ్మిదిసార్లు వెళ్లాను. నా చేతిలో ఆ ఏడాది ఇంకా పద్నాలుగు మంది ఉన్నారు. వాళ్లలో ముగ్గురు క్రిస్మస్ సెలవుల తర్వాత బడికి తిరిగి రాలేదు. ఆ ముగ్గురి ఇళ్లకూ నేను ఏ శనివారమూ వెళ్లలేదు. ఆ సంగతి నన్ను ఇప్పటికీ బాధిస్తుంది.

మే నెలలో మొత్తం 300 గంటల శిక్షణ, ఇంటర్న్‌షిప్ పూర్తయ్యాయి. ప్రిన్సిపాల్, నేను సిఫారసు చేశాం. ఐదేళ్ల స్టాండర్డ్ సర్టిఫికెట్ వచ్చింది. ఆ రాత్రి గుంటూరులో తెల్లవారేదాకా ఆగి, అమ్మకు వీడియో కాల్ చేసి చూపించిందట.

నేను మార్చుకున్నది

మా ప్రోగ్రాంలో రెండు విషయాలకు పట్టుబట్టాను. ఒకటి, ఆగస్టులో చేరబోయే అభ్యర్థి అంతకుముందు వసంతంలో వీలైనన్ని రోజులు సబ్‌గా పనిచేయాలి. సబ్ వచ్చిన రోజు పిల్లలు ఎలా ఉంటారో చూసినవాళ్లు ఆగస్టుకు బెదరరు. కొత్త ఊళ్లో సొంత పిల్లలున్న తల్లులకు అది కుదరడం కష్టమని తెలుసు, అయినా అడుగుతున్నాను. రెండోది, తరగతి గదిలో గడపాల్సిన గంటల్లో కొన్నైనా బడి తెరిచిన మొదటి వారంలోనే ఉండాలి. ఆగస్టులో కొత్త మనిషిని వెనక కూర్చోబెట్టుకోవడానికి ఏ టీచరూ ఇష్టపడదు. ఎంతమందిని అడిగినా సెప్టెంబర్‌లో రమ్మన్నారు.

2023 జూలైలో ఆమే ఫోన్ చేసింది. "అక్కా, మొదటిరోజు నుంచి నా క్లాసులో ఎవరినైనా కూర్చోబెట్టు. నేను ప్రిన్సిపాల్‌ని అడిగి ఒప్పించా" అంది.

వరంగల్ నుంచి వచ్చిన ఒక కెమిస్ట్రీ పట్టభద్రుడిని పంపాను. ఆ సాయంత్రం అతను నోట్సు ఫొటో తీసి నాకు పంపాడు. పేజీలో లెక్కల ముచ్చటే లేదు. గుమ్మం దగ్గర ఆమె నిలబడిన చోటు బొమ్మ వేసి, పక్కన తెలుగులో రాసుకున్నాడు: "ఒకటో పీరియడ్: పిల్లల్ని మూడుసార్లు బయటికి పంపి మళ్లీ రమ్మన్నారు. విసుక్కోలేదు. మూడోసారి నలభై సెకన్లు."